జలాపుట్ నుంచి బలిమెలకి: ఎత్తు లెక్క

వానాకాలంలో ఒడిశా కొరాపుట్ జిల్లాలోని మా జైపూర్ ఇంట్లో పేపరు రాగానే ముందు తెరిచేది జలాశయాల నీటిమట్టాల దగ్గరే. మా మామగారి ఉద్యోగమంతా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలోనే గడిచింది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. అందరికీ వినబడేలా చదువుతారు. సముద్రమట్టం నుంచి జలాపుట్ పూర్తి మట్టం 2,750 అడుగులు, బలిమెల 1,516, డొంకరాయి 1,037. మూడూ ఒకే నది మీద ఒకదాని కింద ఒకటి ఉన్నవే, ఆ నదిని పైన మాచ్‌ఖండ్ అనీ కింద సీలేరు అనీ అంటారు. ఇవాళ ఎక్కడున్నాయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా.

మా వరండాలో సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్సు చెప్తుంటాను. బళ్ళో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, ఇంటి దగ్గర తెలుగు మాట్లాడే పిల్లలు వీళ్ళు. ఒకరోజు మామగారి చదువు విని ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, నీళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పకుండా ఎంత ఎత్తులో ఉన్నాయో ఎందుకు చెప్తారండీ?"

శక్తి గురించి పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకింతవరకు దొరకలేదు. దీన్ని పట్టుకుని వెళ్తే డ్యాము, బొగ్గు కరెంటు, కట్టెల పొయ్యి, దామన్‌జోడి బాక్సైటు (అల్యూమినియం తీసే ఖనిజం) అన్నీ ఒకే తాడు మీదికి వస్తాయి. ఈ ఊరి రాజుగారు విక్రమదేవ్ వర్మ పేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీ మీద ఉంది. ఆయన ఊళ్ళో కూర్చుని తెలుగులో భౌతికశాస్త్రం చెప్పుకోవడం నాకు ఎప్పుడూ సంతోషమే.

ముందు ఒక్క లెక్క. వెయ్యి లీటర్ల నీటి బరువు ఒక టన్ను. మన డాబాల మీదుండే నల్ల ట్యాంకు చాలావరకు ఆ కొలతదే. ఆ ట్యాంకెడు నీళ్ళు 367 మీటర్లు కిందికి దిగితే వచ్చే శక్తి, కరెంటు బిల్లులో ఉండే ఒక యూనిట్‌కి సమానం. బరువును ఎత్తుతో, గురుత్వ త్వరణంతో గుణిస్తే వచ్చేదే ఇది. పాఠ్యపుస్తకం దీన్ని స్థితిజశక్తి అంటుంది. నూరంతస్తుల మేడ మీంచి ట్యాంకెడు నీళ్ళు దిగితే పాతకాలపు ఫ్యాను ఒక్కటి పదమూడు గంటలు తిరుగుతుంది, అంతే. పిల్లలు ఎప్పుడూ "ఇంతేనా" అంటారు. ఔను, ఇంతే. ఒక యూనిట్ ఎంత పెద్దదో ఒళ్ళు వంచి మోస్తేగాని తెలియదు. స్విచ్చి నొక్కితే తెలియదు.

ఇప్పుడు పేపర్లోని అంకెలు చూడండి. జలాపుట్ నిండు మట్టానికీ బలిమెల నిండు మట్టానికీ తేడా 1,234 అడుగులు. మీటర్లలో 376. అంటే జలాపుట్‌లో ఉన్న ఒక్కో ట్యాంకు నీళ్ళు బలిమెల చేరేలోగా దాదాపు ఒక్కో యూనిట్ ఇవ్వగలవు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు, ట్యాంకుల్లో చెప్తే 2 కోట్ల 83 లక్షలు. కాగితం మీద లెక్క వేస్తే సుమారు 2 కోట్ల 90 లక్షల యూనిట్లు. ఆ దిగుడంతా యంత్రాల గుండా జరగదు, కొంత ఎత్తు నదిలోనే జారిపోతుంది కాబట్టి అసలు చేతికొచ్చేది ఇంతకంటే తక్కువ. అయినా ఆ అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు దొరికింది. నీరు ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, ఎంత పైనుందన్నదీ అంతే ముఖ్యం.

మరి ఆ ఎత్తులోకి నీటిని ఎవరు మోశారు? సూర్యుడు. సముద్రం మీద ఆవిరి చేసి, గాలికి ఎక్కించి, తూర్పు కనుమల మీద కురిపించాడు. జలవిద్యుత్తు అంటే ఒకరకంగా సౌరవిద్యుత్తే, మధ్యలో మబ్బు ఉందంతే.

మాచ్‌ఖండ్ దగ్గరి ఒనకఢిల్లీ వెళ్ళినవాళ్ళు ఇదే నది దూకే డుడుమ జలపాతం చూసే ఉంటారు. సుమారు 175 మీటర్ల దూకుడు. పైనుంచి ట్యాంకెడు నీళ్ళు అక్కడ దూకితే అర యూనిట్‌కి కాస్త తక్కువ శక్తి. కింద గుండంలో పడి, తెల్లగా నురగై, చప్పుడు చేసి ఊరుకుంటుంది. ఆ అర యూనిట్ ఏమైనట్టు? శక్తికి నాశనం లేదని చదువుకున్నాం కదా. చాలావరకు నీళ్ళలోనే ఉంది, వేడి రూపంలో. లెక్క వేస్తే కింది నీరు పైనీటి కంటే 0.4 డిగ్రీ వెచ్చగా ఉండాలి. గాలి, ఆవిరి కలిసి ఆ తేడాను మాయం చేస్తాయి గానీ లెక్క మాత్రం అదే. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ ఇలాగే జలపాతాల లెక్క వేశాడు. నీటిలో తెడ్లు తిప్పి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. ఈనాడు శక్తికి ప్రమాణంగా ఆయన పేరే వాడుతున్నాం.

ఇక్కడ నేను పిల్లల్ని కాసేపు ఆపుతాను. గుండంలో శక్తి అంతా ఉంది, పైసా నష్టం లేదు. అయినా ఆ 0.4 డిగ్రీ వెచ్చదనంతో ఫ్యాను తిప్పగలమా? లేదు. శక్తి మిగిలింది, ఎత్తు ఖర్చయిపోయింది. మనం రోజూ "కరెంటు వాడాం, బొగ్గు వాడాం" అంటున్నప్పుడు నిజంగా వాడుతున్నది ఈ ఎత్తునే. శక్తి ఎక్కడికీ పోదు, పోయేది పని చేయించుకునే వీలు.

అదే నీటిని డుడుమ దగ్గర దూకనివ్వకుండా పైనే మళ్ళించి గొట్టాల్లో దింపితే మాచ్‌ఖండ్ కేంద్రం. 17 మెగావాట్ల యంత్రాలు మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120 మెగావాట్లు. 1955లో మొదటి యంత్రం తిరిగింది. ఆంధ్ర, ఒడిశా పంచుకుంటాయి. గొట్టంలో దిగిన నీరు టర్బైను రెక్కల్ని తోస్తుంది, టర్బైను జనరేటర్ని తిప్పుతుంది. నీటి శక్తిలో నూటికి తొంభై పాళ్ళ వరకు కరెంటుగా మారుతుంది. మిగతా పది గొట్టం గోడల రాపిడికి, బేరింగులకు, తీగచుట్టల వేడికి పోతుంది. మామగారు అంటుంటారు, యంత్రం బాగుందో లేదో మీటరు చూడక ముందే చెవికీ, బేరింగు మీద పెట్టిన అరచేతికీ తెలిసిపోయేదని. శాస్త్రం చెప్పేదీ అదే. చప్పుడు పెరిగినా, వేడి పెరిగినా కరెంటు కావలసిన శక్తి దారి తప్పుతున్నట్టే.

వంద ఇస్తే ఎంత పని దక్కిందో చెప్పేదే దక్షత. నీటికి తొంభై వస్తుంటే బొగ్గుకి ముప్పై ఐదు దగ్గరే ఎందుకు ఆగిపోయింది? బొగ్గు ఇంజనీర్లకి తెలివి తక్కువా? ఎంతమాత్రం కాదు. ఈ ముడి విప్పినవాడు సాడీ కార్నో అనే ఫ్రెంచి యువకుడు, 1824లో. ఆయనకి దారి చూపిన పోలిక నీళ్ళదే. నీరు ఎత్తు నుంచి పల్లానికి దిగుతూ చక్రాన్ని తిప్పినట్టు, వేడి కూడా ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకి దిగుతూ ఇంజన్ని తిప్పుతుందన్నాడు. అంటే వేడికి ఉష్ణోగ్రతే ఎత్తు.

వేడికి సముద్రమట్టం ఎక్కడ? సున్నా డిగ్రీల దగ్గర అనుకుంటాం గానీ అది మైనస్ 273 దగ్గర ఉంది. మన చుట్టూ ఉన్న గాలీ నీరూ ముప్పై నలభై డిగ్రీల్లో ఉంటాయి. ఆ మైనస్ 273 నుంచి డిగ్రీకో మెట్టు చొప్పున కొలిస్తే మనం బతుకుతున్నదే మూడొందల మెట్టు మీద. థర్మల్ కేంద్రంలో ఆవిరిని 540 డిగ్రీల దాకా ఎక్కిస్తారు, అంటే 813వ మెట్టు. దింపగలిగేది 313 దాకానే, అంతకంటే కింద మనకి చోటు లేదు. 813 నుంచి 313కి దిగితే దక్కగలిగింది అత్యధికంగా నూటికి 61 పాళ్ళు. ప్రపంచంలో ఎవరు ఎంత గొప్ప యంత్రం కట్టినా ఆ మెట్ల మధ్య ఇంతకుమించి రాదు. ఆపైన పొగగొట్టం లోంచి పోయే వేడి, పంపులు తినే కరెంటు, ఆవిరి రాపిడి అన్నీ తీసేస్తే ముప్పై ఐదు, ముప్పై ఎనిమిది మిగులుతుంది. థర్మల్ కేంద్రం దగ్గర కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది పొగ అనుకుంటారు చాలామంది. అది నీటి ఆవిరి. ఇంకా దింపడానికి వీల్లేక వదిలేసిన వేడి ఆ రూపంలో పోతోంది.

జలాపుట్ నీరు బలిమెల చేరేసరికి ఇంకా 1,516 అడుగుల ఎత్తు మిగిలే ఉంటుంది. మాచ్‌ఖండ్ యంత్రానికి ఆ ఎత్తు అందదు. అంతమాత్రాన దాని దక్షత తక్కువ అనం. బొగ్గు కేంద్రం విషయంలో మాత్రం పూర్తి ఎత్తుతో భాగించి ముప్పై ఐదు అంటాం. రెండింటి దక్షతలూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు. పరీక్ష పుస్తకాల్లో దీన్ని సరిగ్గా చెప్పరని నాకు బాధ.

ఇక పొయ్యి సంగతి. ఇది మా పిల్లలు స్వయంగా కొలిచిన లెక్క. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కట్టెలు తూచి, గిన్నెలో మూడు లీటర్ల నీళ్ళు పోశాం. జైపూర్ సముద్రమట్టానికి సుమారు ఆరొందల మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు వందకి కాక 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మొదలుపెట్టినప్పుడు 23. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో కాలరీ. మూడు లీటర్లు, డెబ్భై ఐదు డిగ్రీలు, మొత్తం 225 కిలో కాలరీలు. మరిగాక కట్టెలు లాగేసి, ఆర్పి, మిగిలినవి తూస్తే ఆరొందల గ్రాములు కాలాయి. ఎండు కట్టె కిలోకి సుమారు నాలుగు వేల కిలో కాలరీలు. అంటే 2,400 ఖర్చు పెట్టి 225 అందుకున్నాం. నూటికి తొమ్మిది. ఆవిరై పోయిన నీటిని లెక్కలోకి తీసుకోలేదు, దాన్ని కలిపినా పెద్ద తేడా రాదు.

పిల్లల మొహాలు చిన్నబోయాయి. "మిగతా తొంభై ఒకటీ ఎక్కడికి పోయినట్టండీ?" అని వెతకడం మొదలుపెట్టారు. రాళ్ళు పట్టుకుంటే చెయ్యి కాలింది, కొంత అక్కడ. మంట గిన్నె పక్కలనుంచి పైకి తన్నుకుపోతోంది, ఎక్కువ భాగం అక్కడ. నాలుగడుగుల దూరంలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు వెచ్చబడ్డాయి, అదీ లెక్కే. పొగలో కాలకుండా పోయిన కట్టె కొంత. గిన్నె అడుగున అట్టకట్టిన మసి కూడా కాలని కట్టే.

చూస్తూ నిలబడిన మా పిన్నమ్మ, చోడి అంబలి కాస్తూ జీవితమంతా పొయ్యి ముందు గడిపిన మనిషి, ఒక మాట అంది: "తడి కట్టె ముందు తన నీళ్ళు తాను కాచుకోవాలి నాయనా, ఆ తరవాతే మన గిన్నెలో నీళ్ళు." ఇంతకంటే బాగా నేను చెప్పలేను. కట్టెలోని ప్రతి కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే దాదాపు 540 కిలో కాలరీలు పోతాయి. ఆవిడ చెప్పినట్టే మర్నాడు బాగా ఎండిన సన్నపు పుల్లలు తెచ్చి, మూడు రాళ్ళ మధ్య ఖాళీల్లో మట్టి మెత్తి, గిన్నె మీద మూత పెట్టి మళ్ళీ చేశాం. 350 గ్రాములతో అయిపోయింది. దక్షత పదహారు. కొత్త పొయ్యి కొనలేదు, కొత్త ఇంధనం తేలేదు. అడవికి వెళ్ళే ఆడవాళ్ళ నెత్తి మీద మోపు దాదాపు సగానికి తగ్గిందన్నమాట.

ఒక ఆశ్చర్యం కూడా చెప్పాలి. బొగ్గు కేంద్రం ముప్పై ఐదు పాళ్ళే ఇస్తుందని ఇందాక చిన్నచూపు చూశాం. ఆ కరెంటుతో ఇండక్షన్ పొయ్యి మీద అవే మూడు లీటర్లు కాస్తే ఇంట్లో అయ్యేది మూడో వంతు యూనిట్. దానికి కాలే బొగ్గు పావు కిలో దగ్గర. బొగ్గు నుంచి గిన్నె దాకా మొత్తం దారి కలిపి దక్షత పాతిక పైనే, మూడు రాళ్ళ పొయ్యికి రెండింతలకు మించి. అయితే చలికాలం పొద్దున స్నానానికి కరెంటు కాయిల్ పెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మనసొప్పదు. కాయిల్ దక్షత దాదాపు వందకి వంద అని డబ్బా మీద రాయొచ్చు, అబద్ధం కాదు. కానీ 813వ మెట్టు నుంచి కష్టపడి దింపి, మూడింట రెండు వంతులు గాలికి వదిలి సంపాదించిన కరెంటుని, నలభై డిగ్రీల నీళ్ళ కోసం మళ్ళీ వేడిగా మార్చేస్తున్నాం. ఆ పనికి డాబా మీద ఎండే చాలు. గోరువెచ్చని నీళ్ళకి గోరువెచ్చని మూలం సరిపోతుంది. ఎత్తయిన శక్తిని మోటార్లకీ, దీపాలకీ ఉంచుకోవాలి.

దామన్‌జోడి కథ కూడా ఈ దారిలోనే ఉంది. పంచపట్మాలి కొండ మీది బాక్సైటు కన్వేయరు బెల్టు మీద రిఫైనరీకి దిగుతుంది, అక్కడ అల్యూమినా అనే తెల్ల పొడి అవుతుంది. మన కొండల్లో ఖనిజం ఉండగా లోహం తీసే కర్మాగారం ఎక్కడో అంగుల్‌లో ఎందుకు పెట్టారని జైపూర్‌లో చాలామంది అడగ్గా విన్నాను. జవాబు రాజకీయంలో కంటే భౌతికశాస్త్రంలో ఎక్కువ ఉంది. ఒక కిలో అల్యూమినియం తీయడానికి దాదాపు పద్నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. ఆక్సిజన్ ఆ లోహాన్ని అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది, విడదీయడానికి అంత పెట్టాలి. టన్ను లోహానికి పద్నాలుగు వేల యూనిట్లు, అంటే సుమారు పది టన్నుల బొగ్గు. అల్యూమినా కావలసింది రెండు టన్నులే. పది టన్నుల బొగ్గుని కొండెక్కించడం మేలా, రెండు టన్నుల తెల్ల పొడిని బొగ్గు దగ్గరికి పంపడం మేలా? అంగుల్ పక్కనే తాల్చేరు బొగ్గు ఉంది. ఆ జవాబే అంగుల్.

మీ వంటింట్లో కిలో బరువుండే సిల్వరు గిన్నె ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో పద్నాలుగు యూనిట్లు ఉన్నాయి. జలాపుట్ నుంచి బలిమెలకి దిగిన పద్నాలుగు ట్యాంకుల నీళ్ళంత. సొట్టపోయిన గిన్నెను పాతసామాన్ల వాడికి వేస్తే, దాన్ని కరిగించి మళ్ళీ గిన్నె చేయడానికి అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. ఆక్సిజన్ నుంచి ఒకసారి విడిపించాక మళ్ళీ విడిపించక్కర్లేదు కదా. పారేయకుండా కరిగించడం ఎంత పెద్ద ఆదాయో ఈ ఒక్క లోహం చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించదు.

రైలు సంగతి రెండు మాటల్లో. కిరండూల్ నుంచి ఇనప ఖనిజం వేసుకుని విశాఖ వెళ్ళే గూడ్సు కొరాపుట్ దాటి, సిమిలిగుడ దగ్గర వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకి ఎక్కి, అక్కడి నుంచి కొత్తవలస మైదానానికి దిగుతుంది. టన్ను ఖనిజం తొమ్మిది వందల మీటర్లు దిగితే దాదాపు రెండున్నర యూనిట్లు. నాలుగు వేల టన్నుల బండైతే పదివేల యూనిట్ల దగ్గర. పాతరకం ఇంజన్లు బండిని ఆపుతూ దింపేటప్పుడు ఆ శక్తిని తమ మీదున్న నిరోధాల్లో వేడిచేసి గాలికి వదిలేవి. కొత్త త్రీఫేజు ఇంజన్లలో మోటార్లే జనరేటర్లయి కరెంటుని పైతీగలోకి తిరిగి పంపుతాయి. దిగే బండి, ఎదురుగా కొండెక్కుతున్న ఖాళీ బండికి సాయపడుతుంది.

దక్షత శాతం చెప్పనివి కూడా ఉన్నాయి. బలిమెల జలాశయం నిండినప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో నూట యాభైకి పైగా ఊళ్ళు మూడు వైపులా నీళ్ళ మధ్య చిక్కుకుపోయాయి. పడవ తప్ప దారి లేకుండా దశాబ్దాలు గడిచాయి. 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా అక్కడ రోగిని ఆసుపత్రికి చేర్చాలంటే నీళ్ళు దాటాలి. ఆ నీటితో తిరిగే 510 మెగావాట్ల యంత్రాల దక్షత తొంభై అని రాసే చోట ఈ ఊళ్ళకు గడి లేదు. శక్తి లెక్క చెప్పేవాడు ఆ ఊళ్ళ పేరు ఎత్తకుండా పాఠం ముగించకూడదని నా పట్టుదల.

సౌర పలకల దక్షత ఇరవై దగ్గరే అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకండి. పలక మీద పడి వృథా అయ్యే ఎండకి మనం డబ్బు కట్టడం లేదు, అది ఎలాగూ నేలను వేడిచేసి ఊరుకునేదే. బొగ్గు విషయంలో వృథా అయ్యేది తవ్వి తెచ్చిన ఇంధనం, సౌరం విషయంలో వృథా అయ్యేది స్థలం. ఒకే మాట, రెండు వేరు లెక్కలు. ఎండతో అసలు చిక్కు సాయంత్రం ఆరు గంటలకి మొదలవుతుంది. అందుకే సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి తలపెట్టారు. మిగులు కరెంటు ఉన్నప్పుడు కింది నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్ళీ దింపడం. తోడడానికి నాలుగు యూనిట్లు పెడితే తిరిగొచ్చేది సుమారు మూడు. శక్తి ఇచ్చి సమయం కొనుక్కోవడం అది.

ఆ అమ్మాయి ప్రశ్నలో మిగిలిన సగానికి జవాబు నదే చెప్తుంది. బలిమెల దగ్గర సగం నీరు ఒడిశా వైపు మళ్ళి, మిగతా సగం ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు మెట్లు దిగుతూ ప్రతిచోటా పని చేసి శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో చేరుతుంది. పోలవరం పూర్తి మట్టం 150 అడుగులే, అంటే 45 మీటర్ల చిల్లర. ఆ ఎత్తంతా దక్కిందనుకున్నా యూనిట్‌కి ఎనిమిది ట్యాంకులు కావాలి, జలాపుట్ దగ్గర ఒక్కటి చాలిన చోట. అయినా అక్కడ 960 మెగావాట్ల కేంద్రం కడుతున్నారంటే, ఎత్తు లేని లోటుని గోదావరి వరద తీరుస్తుందని. లెక్క వేసి చూపించాక ఆ పిల్ల నోటుబుక్కులో జలాపుట్ పక్కన "ఎత్తు" అనీ, పోలవరం పక్కన "నీళ్ళు" అనీ రాసుకుని గుండ్రంగా సున్నా చుట్టుకుంది.